పక్కనే ల్యాబ్ ఉంటే చాలునా?

వుహాన్‌లో వైరస్‌ల పరిశోధనా సంస్థ ఉంది. కొవిడ్ మొదట బయటపడిందీ వుహాన్‌లోనే. ఇంతకన్నా రుజువేం కావాలి? కె. కోటపాడులో టీ కొట్టు ముందు పేపరు తిరగేసేవారి దగ్గర్నుంచి వాషింగ్టన్‌లో సెనేటర్ల దాకా ఇన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగినవారిని కుట్ర సిద్ధాంతాల పిచ్చివాళ్లని వెక్కిరించడం కొంతకాలం పెద్దమనుషులకు అలవాటుగా ఉండేది. 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో 27 మంది శాస్త్రవేత్తలు సంతకాలు చేసిన ప్రకటన ఆ పనే చేసింది. సంతకందారుల్లో ఒకరైన పీటర్ దస్జాక్ సంస్థకు వుహాన్ సంస్థతో పరిశోధన సంబంధాలున్నాయన్న సంగతి ఆ ప్రకటనలో లేదు. నా మటుకు నాకు టీ కొట్టు ప్రశ్న సబబైనదే. దానికి ఎంత బరువివ్వాలన్న దగ్గరే చిక్కంతా.

మా అనకాపల్లి జిల్లాలోనే ఇలాంటి ప్రశ్న ఒకటి తలెత్తింది. 2022 జూన్ 3న అచ్యుతాపురం ఆర్థిక మండలిలోని ఒక దుస్తుల పరిశ్రమలో ఆడవాళ్లు ఉన్నట్టుండి వాంతులు, తలతిరుగుడు, ఊపిరాడకపోవడంతో పడిపోయారు. పదులు కాదు, వందల్లో. ఆ చుట్టుపక్కలే మందుల తయారీ ల్యాబ్ ఒకటి ఉంది. అందరి వేళ్లూ అటే చూపించాయి. కొన్నాళ్లు దాన్ని మూయించారు కూడా. చివరికి పరీక్షల్లో తేలింది క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు అని ప్రభుత్వమే చెప్పింది. అంతలో ఆగస్టు 2న అదే ఆవరణలో మళ్లీ అలాగే జరిగింది. క్లోర్‌పైరిఫాస్ రైతులకు కొత్త పేరేం కాదు, చెదలకూ పురుగుకూ కొట్టేదే. ఈ ఉదంతం చూపించి ‘కాబట్టి వుహాన్ ల్యాబ్ కూడా నిర్దోషే’ అనేవారుంటే వారిదీ తొందరపాటే. పక్కనే ఉండటం అనుమానానికి చాలు, తీర్పుకు చాలదు. అనుమానం ఎంత గట్టిదో అంకెల్లో పెట్టుకోగలమా అన్నది అసలు విషయం.

కొంతవరకు పెట్టుకోవచ్చు. వుహాన్ జనాభా దాదాపు 1.1 కోట్లు, చైనా జనాభా 140 కోట్లు. వైరస్ జంతువుల నుంచే మనుషులకు వచ్చి ఉంటే అది ఏ నగరంలోనైనా తలెత్తవచ్చు. జనాభా లెక్కన వుహాన్ వంతు నూటికి ఒకటి కూడా లేదు. పెద్ద రైల్వే కూడలి, అడవి జంతువులను ప్రాణాలతో అమ్మే మార్కెట్లున్న ఊరు కాబట్టి ఉదారంగా నూటికి మూడో నాలుగో వేసుకుందాం. ల్యాబ్ నుంచి వచ్చి ఉంటే మాత్రం, ఇలాంటి వైరస్‌ల మీద పెద్ద ఎత్తున పనిచేసేది వుహాన్ సంస్థే కనుక, అక్కడే మొదలవడం దాదాపు ఖాయం. అంటే ఈ ఒక్క ఆనవాలే ల్యాబ్ కథను పాతిక, ముప్పై రెట్లు బలపరుస్తోంది. ‘ఏదో యాదృచ్ఛికం’ అని తీసిపారేసే బరువు కాదిది.

అయితే ఆ పాతిక రెట్లు దేని మీద? ఆనవాళ్లేవీ చూడకముందు రెండు కథలకూ ఉన్న అవకాశం మీద. సార్స్ 2002-03లో పునుగు పిల్లుల నుంచి వచ్చింది, మెర్స్ ఒంటెల నుంచి, నిపా గబ్బిలాల నుంచి పందుల ద్వారా. ల్యాబుల వల్ల వ్యాధులు పుట్టలేదని కాదు. 1977లో తిరిగొచ్చిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్ 1950ల నాటి వైరస్‌కు అచ్చుగుద్దినట్టు ఉండటంతో అది ఏదో ప్రయోగశాల నుంచో టీకా ప్రయోగం నుంచో వచ్చిందని ఎక్కువమంది నిపుణులు నమ్ముతారు. 2004లో బీజింగ్ ల్యాబ్ నుంచి సార్స్ బయటికి పొక్కి ఒకరి ప్రాణం తీసింది. కాకపోతే ఈ రెండు చోట్లా బయటపడింది లోకానికి అప్పటికే తెలిసిన క్రిమి. ఎవరూ ఎరగని వైరస్ ల్యాబ్ నుంచి ఊరి మీద పడి మహమ్మారిగా మారిన దాఖలా లేదు. కాబట్టి మొదటి తూకంలో జంతువుల వైపు బరువు ఎక్కువ. ఎంత ఎక్కువ అన్న దగ్గర నిపుణులకే పొత్తు కుదరదు. ఒకరు పదిరెట్లంటారు, ఒకరు వంద రెట్లంటారు.

ముందు అంచనా ఒకటి వేసుకోవడం, ప్రతి ఆనవాలుతో దాన్ని సవరించుకుంటూ పోవడం అన్న పద్ధతి థామస్ బేయస్ అనే ఇంగ్లండు మతాచార్యుడిది. ఆయన పోయాక 1763లో మిత్రుడు రిచర్డ్ ప్రైస్ అచ్చు వేయించాడు. అనిశ్చితిని కొలవడమెలాగో ప్రపంచానికి నేర్పినవారిలో మనవాడూ ఉన్నాడు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రానికే దిక్కుగా నిలిచిన కల్యంపూడి రాధాకృష్ణారావు 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆ శాస్త్రంలో నోబెల్‌తో పోల్చే అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. తెలియదన్న సంగతిని దాచకుండా, ఎంత తెలియదో కొలిచి చెప్పడమే ఆ శాస్త్రమంతా. మన టీవీ చర్చల్లో ఎప్పుడూ కనిపించని సుగుణం అదే.

ఇప్పుడు మార్కెట్ సంగతి. 2020 జనవరిలో లాన్సెట్ ప్రచురించిన తొలి 41 మంది రోగుల్లో 27 మందికి హువానాన్ మార్కెట్‌తో సంబంధం ఉంది. కోటి జనం ఉన్న నగరంలో వేలకొద్దీ దుకాణ సముదాయాలు, కార్యాలయాలు, బడులు ఉండగా, రకూన్ కుక్కల్లాంటి అడవి జంతువులను ప్రాణాలతో అమ్మే నాలుగైదు చోట్లలో ఒకటైన మార్కెట్‌లోనే ఎందుకు? 2017 మే నుంచి 2019 నవంబరు దాకా వుహాన్ మార్కెట్లలో 38 జాతులకు చెందిన 47,381 జంతువులు అమ్ముడయ్యాయని ఒక సర్వే తేల్చింది. జంతువుల కథ నిజమైతే తొలి కేసులు సరిగ్గా ఇలాంటి చోటే గుమిగూడాలి. ల్యాబ్ కథ నిజమైతే, మొదట సోకిన ఉద్యోగి నుంచి వైరస్ వంద చోట్లకు వెళ్లగలదు. నది అవతలి ఈ మార్కెట్‌కే వెళ్లి అక్కడే పెద్దదవాల్సిన పనిలేదు. ఊరి పేరు ల్యాబ్‌ను పాతిక రెట్లు బలపరిస్తే, ఊళ్లో చిరునామా మార్కెట్‌ను అంతకంటే ఎక్కువగానే బలపరుస్తుంది. ల్యాబ్ వాదులు మొదటి లెక్క వేసి ఆగిపోతారు, మార్కెట్ వాదులు రెండోదానితో మొదలుపెడతారు. రెండూ వేస్తేనే లెక్క.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. డాక్టర్లు మార్కెట్‌తో సంబంధం ఉన్నవారినే వెతికితే, దొరికేదీ వారే కదా! ఇది మనకు స్వానుభవం. 2020 ఏప్రిల్ మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన కేసుల్లో అత్యధికం ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన మత సమావేశానికి వెళ్లొచ్చినవారివి, వారి బంధువులవి. అధికారులు ఆ జాబితాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేశారు, మిగతా జనంలో చేసిన పరీక్షలు నామమాత్రం. లెక్కలో కనిపించిన వాటాలో కొంత వైరస్‌ది, కొంత వెతుకులాటది. దాన్ని విడదీయకుండా ఒక మతం మీద నింద వేసిన పాపం మీడియాది. అదే గీటురాయి వుహాన్‌కూ పెట్టాలి. మైకేల్ వొరొబీ బృందం 2022లో సైన్స్ పత్రికలో ఇందుకే 2019 డిసెంబరు నాటి 155 మంది రోగుల ఇళ్లను పటం మీద గుర్తించింది. మార్కెట్‌కు వెళ్లామని చెప్పని రోగుల ఇళ్లు కూడా ఆ మార్కెట్ చుట్టూనే ముసురుకున్నాయి. వెతుకులాటలోని పక్షపాతం దీనితో పూర్తిగా పోలేదు, ఆ చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనే ముందు వెతికారేమో అనే వాదన మిగిలే ఉంది. కానీ చాలావరకు తగ్గింది.

ఇక దొరకని జంతువు. సార్స్ వచ్చిన నెలల్లోనే పునుగు పిల్లుల్లో వైరస్ చిక్కింది. కొవిడ్‌కు ఇప్పటికీ ఏ జంతువూ చిక్కలేదు. చైనా అంతటా 80 వేలకు పైగా జంతువుల నమూనాలు పరీక్షిస్తే ఒక్కదానిలోనూ లేదని 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా సంయుక్త నివేదిక చెప్పింది. ఇది ల్యాబ్ వైపు మొగ్గే ఆనవాలే. ఎంత మొగ్గుతుందన్నది వెతికిన చోటును బట్టి ఉంటుంది. కోళ్లు, పందులు, పశువులు వేలల్లో పరీక్షించడం వేరు, ఆ మార్కెట్‌కు సరుకు పంపిన రకూన్ కుక్కల ఫారాలను పరీక్షించడం వేరు. 2020 జనవరి 1న మార్కెట్ మూసి, కడిగి, మందు చల్లారు. అప్పటికే బతికున్న అడవి జంతువులను తరలించేశారు. తర్వాత తీసిన 457 జంతు నమూనాల్లో వైరస్ లేదు, అందులో ఆశ్చర్యమూ లేదు. గోడలు, బండ్లు, కాలువల నుంచి తీసిన నమూనాల్లో మాత్రం వైరస్ ఉంది. వాటిలో కొన్నింటిలో రకూన్ కుక్క డీఎన్‌ఏ కూడా ఉన్నట్టు 2023లో బయటపడింది. ఒకే బండి మీద రెండూ ఉన్నంత మాత్రాన ఆ కుక్కకు జబ్బు ఉందని కాదు.

ల్యాబ్ వైపు ఉన్న బలమైన ఆనవాలు వైరస్ ఒంట్లోనే ఉంది. దాని ముల్లు ప్రొటీన్‌లో, మనిషి కణాల్లోకి దూరడానికి సాయపడే 12 అక్షరాల జన్యుముక్క అదనంగా ఉంది. దీని దగ్గరి బంధువుల్లో అది లేదు. 2018లో దస్జాక్ సంస్థ, వుహాన్ పరిశోధకులు కలిసి అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పాకు పంపిన ఒక ప్రతిపాదనలో ఇలాంటి ముక్కలను చొప్పించే ఆలోచన ఉంది. డార్పా డబ్బివ్వలేదు. అయినా ఇది చదివిన రోజు నా అంచనా ల్యాబ్ వైపు జరిగిందని చెప్పడానికి సంకోచం లేదు. తర్వాత మళ్లీ కొంత వెనక్కి వచ్చింది. దూరపు బంధువైన మెర్స్ వైరస్‌లో ఇలాంటి ముక్క ప్రకృతిలోనే ఉంది. పైగా ముక్క చొప్పించాలంటే చేతిలో మూల వైరస్ ఉండాలి. వుహాన్ సంస్థ దగ్గరున్నట్టు తెలిసిన రాటీజీ13 అనే వైరస్, కొవిడ్ వైరస్‌తో సుమారు 96 శాతమే కలుస్తుంది. ముప్పై వేల అక్షరాల్లో పదకొండు, పన్నెండు వందల తేడా అన్నమాట. అంతకన్నా దగ్గరి బంధువు లావోస్ గబ్బిలాల్లో దొరికింది. బయటికి చెప్పని వైరస్ ఏదో బీరువాలో ఉండొచ్చు కదా అంటే ఉండొచ్చు. కానీ ‘ఉండొచ్చు’ అని కథలో కలిపే ప్రతి మెలికకూ ఖరీదు కట్టాలి. కలిపిన కొద్దీ కథ నోటికి రుచిగా ఉంటుంది, అవకాశం మాత్రం తగ్గుతుంది.

‘మరి చైనా ఎందుకు దాస్తోంది?’ జనం నోట అన్నిటికన్నా బలంగా వినిపించే వాదన ఇది. నా లెక్కలో అన్నిటికన్నా బలహీనమైనదీ ఇదే. ల్యాబ్ తప్పయితే బీజింగ్ దాస్తుంది. మార్కెట్ తప్పయితే? సార్స్ తర్వాత అడవి జంతువుల వ్యాపారాన్ని అదుపు చేయలేకపోయిన అప్రతిష్ఠ కూడా బీజింగ్‌దే. అప్పుడూ దాస్తుంది. రెండు కథల్లోనూ ఒకేలా కనిపించే ఆనవాలు తూకాన్ని కదపదు. ఎంత కోపం తెప్పించినా కదపదు.

దాచిన ప్రభుత్వాన్ని పట్టించింది ఏమిటో స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో చూడొచ్చు. 1979 ఏప్రిల్‌లో ఆ సోవియట్ నగరంలో ఆంత్రాక్స్‌తో కనీసం 66 మంది చనిపోయారు. చెడిపోయిన మాంసం తిన్నారని మాస్కో చెప్పింది. మనకిది నమ్మలేని మాట కాదు. పాడేరు, అరకు ఏజెన్సీలో ఆంత్రాక్స్ పేరు వినగానే డాక్టర్లు ముందు అడిగేది చచ్చిన పశువును ఎవరు కోశారు, ఎవరు తిన్నారనే. మామూలుగా వచ్చే దారి అదే. కానీ స్వెర్డ్‌లోవ్‌స్క్ పాథాలజిస్టులు ఇద్దరు దాచిపెట్టిన శవపరీక్షల నమూనాల్లో క్రిమి ఊపిరితిత్తుల దారిన వచ్చిన ఆనవాళ్లున్నాయి. 1992లో మాథ్యూ మెసెల్సన్ బృందం మృతులు ఆ రోజుల్లో పగలు ఎక్కడున్నారో పటం మీద పెడితే, ఏప్రిల్ 2న గాలి వీచిన దిక్కున సైనిక స్థావరం నుంచి సన్నటి చార కనిపించింది. మాంసం తింటే జబ్బు గాలి వాలున నడవదు. మొదటి అంచనా ఎంత బలంగా ఉన్నా దాన్ని పడగొట్టే ఆనవాలంటే అదీ. వుహాన్‌లో ల్యాబ్ కథకు అలాంటి చార ఇంతవరకు కనిపించలేదు. అక్కడి పటం మీద గుంపు మార్కెట్ చుట్టూ ఉంది.

నిఘా సంస్థల మాటలు మన పత్రికల్లో ఎక్కువగా వక్రించిపోయాయి. 2025 జనవరిలో అమెరికా సీఐఏ ల్యాబ్ వైపు మొగ్గింది, ‘తక్కువ విశ్వాసంతో’ అని ఒప్పుకుంటూనే. శీర్షికల్లో ‘ల్యాబ్ నుంచే: సీఐఏ’ అని మాత్రమే మిగిలింది. ఎఫ్‌బీఐ ‘మధ్యస్థ విశ్వాసం’తో ల్యాబ్ అంది. మరో నాలుగు అమెరికా సంస్థలు తక్కువ విశ్వాసంతోనే జంతువుల వైపు నిలిచాయి. జర్మనీ నిఘా సంస్థ 2020లోనే ల్యాబ్‌కు 80 నుంచి 95 శాతం వేసిందని 2025 మార్చిలో వార్తలొచ్చాయి. ఎవరి దగ్గర ఏ ఆధారముందో చూపకుండా ఇచ్చే శాతాలను నేను పెద్దగా పట్టించుకోను. అంకె వేసినంత మాత్రాన అది లెక్క అయిపోదు. దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఇజ్రాయెల్‌కు చెందిన సార్ విల్ఫ్, బేయస్ సూత్రంతో లెక్కగట్టి ల్యాబ్ కథే నిజమన్నారు, కాదన్నవారితో లక్ష డాలర్ల పందెం కట్టారు. పీటర్ మిల్లర్ అనే సామాన్యుడు ఎదురు నిలిచాడు. గంటల తరబడి వాదనలు విన్న ఇద్దరు న్యాయనిర్ణేతలూ 2024లో మిల్లర్‌నే, అంటే జంతువుల కథనే, గెలిపించారు. సూత్రం ఒకటే, ఫలితాలు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఒకదానిపై ఒకటి ఆధారపడిన ఆనవాళ్లను విడివిడిగా హెచ్చవేస్తే ఎవరైనా తమకు కావలసిన కోటానుకోట్ల అంకెను పుట్టించగలరు.

నన్నొక అంకె చెప్పమంటే పదింట ఏడెనిమిది పాళ్లు మార్కెట్ అంటాను. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సాగో కూడా ఉన్న ఆధారాల బరువు జంతువుల వైపే ఉందని, చైనా సమాచారం ఇవ్వనందున ల్యాబ్ అవకాశాన్ని పరిశోధించలేకపోయామని, కొట్టివేయలేమని చెప్పింది. 2019 శీతాకాలంలో ల్యాబ్ సిబ్బంది జబ్బుపడినట్టు రక్తపరీక్షలతో సహా రుజువైతే, లేదా అక్కడి ఫ్రీజర్లలో ఈ వైరస్‌కు సొంత తోబుట్టువు లాంటిది బయటపడితే నా ఏడెనిమిది ఒకటికి పడిపోతుంది. ఫారాల్లోని రకూన్ కుక్కల పాత నమూనాల్లో వైరస్ దొరికితే తొమ్మిదిన్నర దాటుతుంది. ఏం చూపిస్తే మాట మార్చుకుంటాడో చెప్పలేనివాడితో మూలాల మీద వాదనకు దిగి లాభం లేదు.

ఇంతా చెప్పి మన ఇంటి సంగతి వదిలేస్తే తప్పు. 2020 డిసెంబరు 5న ఏలూరులో జనం నడుస్తూ నడుస్తూనే ఫిట్స్ వచ్చి కూలిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లోనే ఆరు వందల మంది దాకా ఆసుపత్రుల పాలయ్యారు, ఒకరు చనిపోయారు. చాలామంది త్వరగానే తేరుకున్నారు. ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయనగానే దోషి దొరికాడన్నట్టు వార్తలు మారుమోగాయి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: జబ్బుపడని పక్కింటివాళ్ల రక్తంలో సీసం ఎంత? మన పట్టణాల్లో పాత రంగులు, బ్యాటరీల పొగ, కల్తీ మసాలాల పుణ్యమా అని సీసం ఎందరి ఒంట్లోనో ఉంటుంది. రోగుల్లోనూ మామూలువాళ్లలోనూ సమానంగా ఉంటే దాని బరువు సున్నా. మున్సిపల్ నీళ్లు తాగనివారికీ వచ్చిందన్న సంగతి నీటి కథకు అడ్డొచ్చింది. డిసెంబరు 16న ముఖ్యమంత్రి సమీక్షలో నిపుణులు పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని, అవి ఒంట్లోకి ఎలా చేరాయో ఇంకా తేలాలని అన్నారు. నిజాయతీగల మాట. బయటికొచ్చేసరికి ‘కావచ్చు’ కాస్తా ‘అయింది’గా మారిపోయింది.

నమూనాలు ఉంటే ఆలస్యంగానైనా ముడి విడుతుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షల మంది రైళ్లెక్కి పారిపోయారు. అసలది ప్లేగేనా అని డాక్టర్లలోనే తగువు. కేంద్రం వేసిన నిపుణుల సంఘానికి అధ్యక్షుడు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి. ప్లేగేనని ఆ సంఘం చెప్పినా తగువు ఆగలేదు. 2000లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పట్లో వేరుచేసి భద్రపరిచిన సూక్ష్మజీవుల డీఎన్‌ఏ చదివి, అది ప్లేగు క్రిమేనని నిర్ధారించారు. ఆ సీసాలు పారేసి ఉంటే ఈనాటికీ వాదించుకుంటూనే ఉండేవాళ్లం.

మూలం తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోవాలని దీని అర్థం కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం నీటిలోని సిలికానా, పురుగుమందులా, ఎండలో చాకిరీయా అన్నది దశాబ్దాలుగా తేలలేదు. అయినా 700 కోట్ల రూపాయలతో హిరమండలం నుంచి నదీజలాలను ఆ పల్లెలకు తెచ్చారు, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టారు. ‘కావచ్చు’ మీద ఆధారపడి చేసిన మంచి పని అది. అలాగే అడవి జంతువుల వ్యాపారాన్ని అదుపు చేయడానికీ, ల్యాబుల భద్రతను తనిఖీ చేయడానికీ వుహాన్ తీర్పు కోసం ఎదురుచూడనక్కర్లేదు. పరిశ్రమలు, ఏజెన్సీ పల్లెలు పక్కపక్కనే ఉన్న ఉత్తరాంధ్రకు అంతు తెలియని జబ్బులు మళ్లీ వస్తాయి. వచ్చిన రోజు బ్లీచింగ్ చల్లకముందే నీళ్లు, కూరగాయలు, రోగుల రక్తం, జబ్బుపడనివారి రక్తం నమూనాలు తీసి భద్రపరచమని ప్రతి పీహెచ్‌సీకీ రాష్ట్ర వైద్యారోగ్య శాఖ రాతపూర్వకంగా ఆదేశించాలి. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, నీరి లాంటి సంస్థలు ఇచ్చే నివేదికలను అంకెలతో సహా, ‘కావచ్చు’లను చెరపకుండా, తెలుగులో ఒకేచోట జనం ముందు పెట్టాలి. ఆ పని ఏలూరు కాగితాలతోనే మొదలుపెట్టాలి.